అక్వేరియానికి సరైన మూత ఎంచుకోవడం: చేప, వేడి, కొలతలు, కన్నాలు

రెండడుగుల ట్యాంకు కొంటే షాపులో దాని మీదికి రెండడుగుల ప్లాస్టిక్ టాప్ కూడా ఇచ్చేస్తారు. లోపల ఒక లైటు, ముందు మేత వేయడానికి చిన్న తలుపు. చాలామందికి మూత ఎంపిక అక్కడితో అయిపోతుంది. ప్రశ్నలు ఆ తర్వాతే మొదలవుతాయి. మూత ఉండగా చేప ఎలా దూకింది? మే నెలలో నీళ్లు ఎందుకంత వేడెక్కుతున్నాయి? కొత్త ఫిల్టర్ పెట్టాక మూత ఎందుకు కూర్చోవడం లేదు?

ట్యాంకు పొడవు ఒక్కటే చూసి కొనడం వల్లే ఈ మూడు తిప్పలూ వస్తాయి. చేపను, గదిని, పైపులు వైర్లు వెళ్లే దారిని ముందు చూసుకుంటే మూత రకం దానంతటదే తేలుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఒకటిన్నర నుంచి నాలుగు అడుగుల మంచినీటి ట్యాంకుల గురించి.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- స్టీల్ టేపు
- ట్యాంకు పైభాగానికి సరిపోయే అట్టముక్క, కత్తెర
- నీటి థర్మామీటర్
- మాస్కింగ్ టేపు, మార్కర్

1. చేపల జాబితా రాయండి

ఇప్పుడున్న చేపలతో పాటు ఈ ఏడాదిలో కొనాలనుకుంటున్నవి కూడా రాయండి. వాటిని ఇలా విడదీసుకోండి.

ఎగిరేవి: హ్యాచెట్, కిల్లీ, డానియో, ఆరోవానా. ఫైటర్ కూడా ఎగురుతుంది. గప్పీలు అప్పుడప్పుడు. వీటికి మూతలో పెద్ద ఖాళీలు ఉండకూడదు.

సందు వెతికేవి: మనం పులుసు పెట్టుకునే బొమ్మిడాయిల కుటుంబానివే షాపుల్లో ఫైర్ ఈల్, పీకాక్ ఈల్ అని దొరుకుతాయి. కుహ్లీ లోచ్, బిచిర్, రోప్ ఫిష్ కూడా ఈ కోవలోవే. ఇవి దూకడం కన్నా పైపు పక్కన ఉన్న సందులోంచి జారిపోవడమే ఎక్కువ. వేలు దూరే ఖాళీ ఉంటే చాలు.

మూతను తోసేసేవి: కొర్రమీను జాతివి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకు రంగురంగుల చిన్న దాయాదులు ఉన్నాయి, వాటిని ఇప్పుడు చాలామంది పెంచుతున్నారు. పైన ఊరికే పెట్టిన మూతను ఇవి తలతో లేపేస్తాయి. క్లిప్పో, బరువో తప్పదు.

పెద్దగా ఎగరనివి: గోల్డ్ ఫిష్, మోలీ, ఏంజెల్. వీటి ట్యాంకుకు మూత అవసరం ప్రధానంగా బల్లులు, దుమ్ము, పిల్లి, చిన్నపిల్లల చేతుల వల్ల వస్తుంది.

ఇంకో సంగతి. ఫైటర్, గౌరామి, కొర్రమీను జాతి చేపలు పైకి వచ్చి గాలి పీలుస్తాయి. నీటిమట్టానికీ మూతకూ మధ్య 4 నుంచి 5 సెం.మీ. ఖాళీ ఉంచండి. నీళ్లు మూతకు తగిలేంత నిండుగా పోస్తే, నీటిలోనే ఉండి కూడా ఇవి ఊపిరాడక చనిపోతాయి.

ఎప్పుడూ ఎగరని చేప ఉన్నట్టుండి ఎగరడం మొదలుపెడితే మూత కోసం పరిగెత్తకండి. ముందు నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా పెరిగినా, ఆక్సిజన్ తగ్గినా, మరో చేప తరిమినా అవి బయటికి దూకాలని చూస్తాయి.

2. మధ్యాహ్నం నీటి వేడి చూడండి

మన దగ్గర మూత ఎంపికలో సగం తీర్పు ఎండాకాలమే చెబుతుంది. చల్లటి దేశాల వాళ్లు చేసే వీడియోల్లో మూత వేడిని కాపాడుతుందని చెబుతారు. అక్కడ అది మంచి గుణం. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం అదే గుణం మీ చేపల మీదికొస్తుంది.

నీళ్లు చల్లబడే ప్రధాన మార్గం ఆవిరి కావడం. ఒక లీటరు నీరు ఆవిరైనప్పుడు తీసుకెళ్లే వేడి, 60 లీటర్ల నీటిని 9 నుంచి 10 డిగ్రీలు చల్లబరచడానికి సరిపోతుంది. గది నుంచి వేడి మళ్లీ చేరుతూనే ఉంటుంది కాబట్టి మనకు అంత తేడా కనబడదు. కానీ గట్టి మూత పెడితే ఆ దారే మూసుకుపోతుంది. పైగా వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు, 30 దగ్గర సుమారు 7.5.

చేయాల్సింది ఇది:

- ఒకరోజు మూత పెట్టి, మర్నాడు తీసేసి, రెండు రోజులూ మధ్యాహ్నం 3, 4 గంటల మధ్య నీటి వేడి రాయండి. మూత తీసిన రోజు చేపలు దూకకుండా పైన జాలి గుడ్డ కప్పి ఉంచండి.
- లైటు ఆన్‌లో ఉన్నప్పుడు ఒకసారి, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒకసారి చూడండి.
- గదిలో ఎండ ట్యాంకు మీద పడుతోందేమో గమనించండి. పడుతుంటే మూత కన్నా ముందు ట్యాంకు చోటు మార్చాలి.

నీళ్లు 29 డిగ్రీలు దాటకపోతే ఏ మూతైనా సరే. 30, 31 దగ్గర తిరుగుతుంటే జాలి మూత గానీ, సగం అద్దం సగం జాలి గానీ ఎంచుకోండి. 32 తాకుతుంటే లైటు లోపల బిగించి ఉన్న మూసిన టాప్‌ను ఆ నెలల్లో పక్కన పెట్టేయాల్సిందే. గోల్డ్ ఫిష్ ఉన్నవాళ్లు ఇంకా ముందే జాగ్రత్త పడాలి, అవి చల్లటి నీటి చేపలు.

జాలి మీద చిన్న ఫ్యాన్ పెడితే పొడిగాలి ఉండే హైదరాబాద్, కర్నూలు వైపు బాగా పనిచేస్తుంది. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అంత ఫలితం ఉండదు.

3. రకం ఎంచుకోండి

ప్లాస్టిక్ టాప్: చవక, చూడ్డానికి బాగుంటుంది, లైటు అందులోనే ఉంటుంది. వేడి లోపలే ఉండిపోతుంది. మూత ఎత్తిన ప్రతిసారీ లైటు వైరు కూడా కదులుతుంది. ఏసీ గదిలో పెట్టే ట్యాంకుకు, ఎగరని చేపలకు ఇది చాలు. మిగతా వాళ్లకు నేను దీన్ని చివరి ఎంపికగానే చెబుతాను.

అద్దం: శుభ్రం చేయడం తేలిక, వంగదు, లైటు పైనుంచి వేసుకోవచ్చు. బరువు మాత్రం లెక్క వేసుకోవాలి. 5 మి.మీ. అద్దం చదరపు అడుగుకు సుమారు 1.2 కిలోలు. అంటే 2 అడుగులకు 1 అడుగు ముక్క రెండు కిలోల పైమాటే. రోజూ ఒంటిచేత్తో ఎత్తాలంటే కష్టం. అందుకే ఒకే పెద్ద ముక్క కాకుండా రెండు ముక్కలు చేయించుకోవాలి.

యాక్రిలిక్: అద్దంలా కనబడే ప్లాస్టిక్ షీటు. తేలిక, అంత సులువుగా పగలదు. కింది వైపు తేమ, పై వైపు పొడి ఉండటంతో వంగుతుంది. కొన్నాళ్లకు అంచులు పైకి లేస్తాయి. అప్పుడప్పుడు తిరగేసి పెడితే కొంత సర్దుకుంటుంది. రెండడుగులు దాటితే వద్దు.

గుల్ల పాలీకార్బోనేట్ షీటు: షెడ్లకు వేసే పొరల షీటు. చాలా తేలిక, వంగదు, కట్టర్‌తో ఇంట్లోనే కోసుకోవచ్చు. గొట్టాల్లా ఉండే ఆ పొరల చివరలను సిలికాన్‌తో మూయకపోతే లోపల నీళ్లు చేరి నాచు పడుతుంది. గొట్టాలు ట్యాంకు పొడవు వైపు ఉండేలా కోయాలి.

జాలి ఫ్రేము: కిటికీలకు దోమల జాలి బిగించేవాళ్లే అల్యూమినియం ఫ్రేముతో చేసిస్తారు. గాలి ఆడుతుంది, వేడి పోతుంది, చేప ఆగుతుంది. నల్లటి సన్నజాలి వెలుతురును కొంత ఆపేస్తుంది. మొక్కలు ఎక్కువగా పెంచేవాళ్లు కన్ను కాస్త పెద్దగా ఉండే పారదర్శకమైన నైలాన్ వల అడగాలి. కన్ను మాత్రం మీ అతిచిన్న చేప తల కన్నా చిన్నదిగా ఉండాలి.

చెక్క హుడ్ (పెట్టెలా ఉండే మూత) కావాలనుకునేవాళ్లు మామూలు ప్లైవుడ్ జోలికి పోకండి, ఉబ్బిపోతుంది. బాత్రూం తలుపులకు వాడే డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) షీటు నయం.

ఒక్కటే చెప్పమంటే, ఒకే కొలతకు రెండు మూతలు చేయించుకోమంటాను: ఎండాకాలానికి జాలి ఫ్రేము, చలికాలానికి అద్దం. ఈ రెండూ కలిపి కూడా మంచి ప్లాస్టిక్ టాప్ ధరకు అటూ ఇటుగానే ఉంటాయి. చలికాలంలో హీటర్ వాడేవాళ్లకు అద్దం మూత కరెంటు కూడా ఆదా చేస్తుంది.

4. కొలతలు తీయండి

షాపులో చెప్పిన సైజును నమ్మకండి. రెండడుగుల ట్యాంకు అన్నది పిలుపు మాత్రమే. చేత్తో అతికించిన ట్యాంకుల్లో ముందు పొడవుకూ వెనక పొడవుకూ నాలుగైదు మి.మీ. తేడా ఉండటం మామూలే.

కొలవాల్సినవి ఈ వరసలో:

- బయటి పొడవు: ముందు, వెనక
- బయటి వెడల్పు: ఎడమ, కుడి, మధ్య
- లోపలి పొడవు, లోపలి వెడల్పు, అవే చోట్ల
- మూల నుంచి మూలకు రెండు వికర్ణాలు. రెండూ సమానంగా లేకపోతే ట్యాంకు చదరంగా లేనట్టే
- పైఅంచున అద్దం పట్టీలు ఉంటే వాటి వెడల్పు, లోతు
- ట్యాంకు పైనుంచి అల్మరా లేదా షెల్ఫ్ దాకా ఉన్న ఎత్తు

చివరిదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. తలుపులా పైకి తెరుచుకునే మూత, షెల్ఫ్‌కు తగిలి సగమే తెరుచుకుంటే చేయి లోపలికి పోదు, నీళ్లు బయటికి లాగే సైఫన్ పైపు అసలే పోదు. పైన 25 సెం.మీ. కన్నా తక్కువ ఉంటే పక్కకు జరిగే రెండు ముక్కల మూత చేయించండి.

మూత పట్టీల మీద గానీ క్లిప్పుల మీద గానీ ట్యాంకు లోపల కూర్చోవాలంటే, లోపలి కొలతల్లో అన్నిటికన్నా చిన్నది తీసుకుని దాన్నుంచి 4 మి.మీ. తగ్గించండి. అంచుల మీద పైన కూర్చోవాలంటే బయటి కొలత కన్నా కాస్త తక్కువ, లోపలి కొలత కన్నా కనీసం 1 సెం.మీ. ఎక్కువ ఉండాలి. వీలుంటే లోపల కూర్చునేదే మంచిది. అద్దం కింద చేరిన చుక్కలు ట్యాంకులోకే పడతాయి. పైన కూర్చున్న మూత అంచు వెంట నీరు కారి బయటి అద్దం మీద తెల్లచారలు, స్టాండు మీద తుప్పు.

కొలతలు మిల్లీమీటర్లలో రాసివ్వండి. అద్దాల షాపులో సూతుల్లో మాట్లాడతారు, ఒక సూతు అంటే 3 మి.మీ. పైనే. ఇక్కడ ఆ తేడా చాలా ఎక్కువ.

5. అట్ట నమూనా కోసి, కన్నాలు గుర్తించండి

ఈ దశను దాటేయకండి. మూత సరిగ్గా కుదరడం, కుదరకపోవడం ఇక్కడే తేలిపోతుంది.

అట్టను కొలత ప్రకారం కోసి ట్యాంకు మీద పెట్టండి. ఫిల్టర్, హీటర్, గాలిపైపు, థర్మామీటర్ అన్నీ వాటి చోట్లలోనే ఉండాలి. ఏది ఎక్కడ అట్టను తాకుతోందో మార్కర్‌తో గీసి, అక్కడ కత్తిరించండి. అట్ట చదునుగా కూర్చునేదాకా సర్దండి.

ఎంత కన్నం కావాలి:

- గాలిపైపుకు 8 మి.మీ. చాలు
- హీటర్, పంపు వైర్లకు ప్లగ్గు పట్టేంత కన్నం అవసరం లేదు. మూల కోస్తే వైరు పక్కనుంచి జారుతుంది
- కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట డబ్బాలా ఉండేది) పైపుకు బయటి వ్యాసం కొలిచి 3 మి.మీ. కలపండి
- వెనక వేలాడే ఫిల్టర్‌కు దాని వెడల్పు కన్నా రెండు వైపులా 5 మి.మీ. చొప్పున ఎక్కువ

అద్దానికి మధ్యలో చదరపు కోత కష్టం, ఆ మూలల దగ్గరే చిట్లుతుంది. మూలలను ఏటవాలుగా కోయించడం తేలిక, చవక. వెనక వేలాడే ఫిల్టర్ ఉంటే అద్దం వెడల్పే తగ్గించి, వెనక మిగిలిన పట్టీని పాలీకార్బోనేట్ ముక్కతో గానీ, గట్టి స్పాంజితో గానీ మూయండి. రేపు ఫిల్టర్ మారినా ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. టఫెన్డ్ గ్లాస్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) అయితే కన్నాలన్నీ ముందే చెప్పాలి, ఒకసారి టఫెన్ చేశాక కోయడం కుదరదు.

చేప దూకేది కూడా ఈ కన్నాల్లోంచే. పైపు చుట్టూ మిగిలిన ఖాళీలో స్పాంజి ముక్క దూర్చండి. అది గాలిని ఆపదు, ఈల్‌ను ఆపుతుంది.

అన్నీ మూసేస్తే గాలి ఆడదన్న భయం వద్దు. అద్దం మూతైనా మూలల్లో కాస్త ఖాళీ ఉంటుంది. ఆక్సిజన్‌కు అసలు కావాల్సింది నీటి పైభాగం కదలడం. ఫిల్టర్ ధార పైకి తిప్పినా, గాలిరాయి పెట్టినా సరిపోతుంది.

6. లైటు, కరెంటు

టాప్‌లో పాత ట్యూబులైటు ఉంటే ఎల్‌ఈడీకి మార్చండి, వేడి బాగా తగ్గుతుంది. నీటికి దగ్గరగా ఉండే ఎల్‌ఈడీ పట్టీ ఐపీ67 లేదా ఐపీ68 రకం (నీళ్లు లోపలికి పోనిది) కావాలి. దాని అడాప్టర్ ఎప్పుడూ మూత బయటే ఉండాలి.

- ట్యాంకు నుంచి ప్లగ్గుకు వెళ్లే ప్రతి వైరూ కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడతాయి, ప్లగ్గులోకి పోవు
- ఎక్స్‌టెన్షన్ బాక్సును ట్యాంకు కింద నేల మీద పెట్టొద్దు, గోడకు బిగించండి
- ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి
- చేయి నీళ్లలో పెట్టే ముందు అన్నీ ఆఫ్

7. చేయించి, బిగించండి

అద్దాల షాపుకు అట్ట నమూనా పట్టుకెళ్లండి. ఏ వైపు పైకో అట్ట మీద రాయండి, లేకపోతే మూల కోతలు తిరగబడి వస్తాయి. రెండడుగులకు 4 లేదా 5 మి.మీ. మందం, మూడడుగులు దాటితే 5 మి.మీ. రెండు ముక్కలుగా. అంచులన్నీ పాలిష్ చేయమనండి. దానికి కొంచెం ఎక్కువ తీసుకుంటారు, బేరమాడకండి. పాలిష్ లేని అంచు తడిచేతిని కోసేస్తుంది.

పట్టుకోవడానికి చిన్న అద్దం ముక్కో, ప్లాస్టిక్ పిడో సిలికాన్‌తో అతికించండి. బాత్రూంలకు వాడే ఫంగస్ నిరోధక సిలికాన్ వద్దు, అందులోని మందు చేపలకు హాని. అక్వేరియం సిలికాన్ అడిగి తీసుకుని, అతికించాక వెనిగర్ లాంటి వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం 48 గంటలు, ట్యాంకు మీద పెట్టకండి.

జాలి ఫ్రేము చేయించేటప్పుడు మూలలకు ప్లాస్టిక్ ముక్కలు వాడమనండి, ఇనుప స్క్రూలు తుప్పు పట్టి నీళ్లలో పడతాయి. ఇత్తడి కీళ్లు, జింకు పూత తీగలు కూడా వద్దు. రాగి, జింకు ఏ కాస్త కరిగినా చేపలకు చెడ్డవి. రొయ్యలు ఉంటే మరీ.

బిగించే రోజు:

- అద్దం ఉప్పు, నీళ్లతో కడగాలి. సబ్బు, గ్లాస్ క్లీనర్ వద్దు
- నాలుగు క్లిప్పులు ఒకే ఎత్తులో పెట్టి, వెనకవాటిని ఒక్క 2 మి.మీ. కిందికి దించండి. చుక్కలు వెనక్కి జారి ట్యాంకులో పడతాయి
- మూత మీద వేలితో నాలుగు మూలలా నొక్కి చూడండి. ఊగితే క్లిప్పు సరిచేయాలి
- రాత్రి గదిలో లైటు ఆపి, ట్యాంకు లైటు వేసి చూడండి. వెలుతురు కారే ప్రతి సందూ కనబడుతుంది

8. మొదటి వారం ఏం చూడాలి

నీటిమట్టం దగ్గర మాస్కింగ్ టేపు అంటించి గీత పెట్టండి. 60 సెం.మీ. × 30 సెం.మీ. ట్యాంకులో మట్టం 1 సెం.మీ. తగ్గిందంటే 1.8 లీటర్లు ఆవిరైనట్టు. జాలి మూతకు ఇది ఎక్కువే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. అయితే ఆవిరయ్యేది నీరే, ఉప్పులు లోపలే ఉండిపోతాయి. తగ్గిన నీటిని మళ్లీ మళ్లీ బోరు నీళ్లతో నింపితే గాఢత పెరుగుతూ పోతుంది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లు పోయండి. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మీ మామూలు నీళ్లే, క్లోరిన్ తీసి.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిచేసే దారి

అద్దం మీద తెల్లటి పొర: గట్టి నీళ్ల ఉప్పు. నిమ్మరసం గానీ వెనిగర్ గానీ రాసి పావుగంట ఉంచి, రుద్ది, బాగా కడిగి పెట్టండి. వారం వారం తుడిస్తే గట్టిపడదు. పొర పేరుకుంటే మొక్కలకు వెలుతురు తగ్గుతుంది.

మేత తలుపు దగ్గర బూజు వాసన: తడి చేత్తో మేత వేయడం వల్ల. ఆ చోటు రోజూ పొడిగుడ్డతో తుడవండి. మేత డబ్బాను మూత మీద పెట్టకండి, ఆవిరికి ముద్దవుతుంది.

మూత మీద సామాను: పూలకుండీ, ఫొటో, అగరొత్తుల స్టాండు. ఖాళీగా చదునుగా ఏది కనబడినా మన ఇళ్లలో అది షెల్ఫే. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. బరువు పెట్టాల్సింది కొర్రమీను ట్యాంకు మీద మాత్రమే, అదీ మూలల్లో.

కరెంటు పోయినప్పుడు: మూసిన మూత ఉంటే వెంటనే సగం తెరిచి, పైన జాలి గుడ్డ కప్పండి. ఫిల్టర్ ఆగితే నీటి కదలిక ఆగుతుంది, ఎండాకాలంలో ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. బ్యాటరీ గాలిపంపు ఉంటే మేలు.

దోమల మందు, పెస్ట్ కంట్రోల్: ఇళ్లలో వాడే స్ప్రేలు, కాయిల్స్‌లో ఎక్కువగా పైరెత్రాయిడ్ రకం మందులే ఉంటాయి, చేపలకు అవి విషం. జాలి మూత వీటిని ఆపలేదు. స్ప్రే చేసే ముందు జాలి తీసి అద్దం పెట్టండి, పైన తడిగుడ్డ కప్పండి. గాలిపంపు గది గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది కాబట్టి దాన్ని ఆపేయండి, లేదా పొడవైన పైపుతో పక్కగదిలో పెట్టండి. పని అయ్యాక కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి, వాసన పూర్తిగా పోయాకే గుడ్డ తీసి పంపు ఆన్ చేయండి. ఆ గుడ్డను మళ్లీ ట్యాంకు పనికి వాడకండి.